ముద్ద వెనకాల మడి

దానం అనగానే మనకు మనుషులు గుర్తొస్తారు. పురాణాల్లో బలి, శిబి, కర్ణుడు. దగ్గరి కాలంలో కోనసీమ డొక్కా సీతమ్మ గారు, రేనాటి ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి. 1866 కరువులో వెంగళరెడ్డి వేల మందికి కడుపు నింపాడని, దొరతనం వారు ఆయనకు బంగారు పతకం ఇచ్చారని సీమలో పాట కట్టి పాడుకున్నారు. పెట్టిన చేతిని తరాల పాటు మరిచిపోకుండా ఉండటం ఏ జాతికైనా గౌరవమే. కానీ పాటలో చెయ్యి ఒక్కటే కనిపిస్తుంది. ఆ చేతికి గింజలు ఎక్కడి నుంచి వచ్చాయి, ఆ చెయ్యి ఆగిపోయిన మర్నాడు అదే వాకిట్లో విస్తరి కోసం వచ్చినవాళ్ల గతి ఏమైంది అన్న సంగతులు పాటలోకి రావు. వాటి కోసం రాతి శాసనాలు, ఇనాం దస్తావేజులు, కరువు కమిషన్ల నివేదికలు తిరగెయ్యాలి. తిరగేస్తే నాకు తేలిన విషయం ఇది: తెలుగు నేల మీద ఎక్కువ కాలం నిలిచిన అన్నదానం, దాత మనసు మీద ఆధారపడకుండా దాత తానే ముందుగా కట్టుదిట్టం చేసిన అన్నదానం. ఆకలితో వచ్చినవాడు ఎవరి దయకూ ఎదురుచూడకుండా తిని వెళ్లగలిగే ఏర్పాటు చెయ్యడమే పెద్ద దానం. మిగిలినదంతా మంచితనమే, కాదనను. కానీ అది ఆ మనిషితోనే పోతుంది.

ఈ మాటను ముందు ఒక లెక్కతో చూడాలి. పనిచేసే మనిషికి రోజుకు ఒకటిన్నర పౌన్ల ధాన్యమైనా పడాలని 1877లో మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ పట్టుబట్టాడు. ఇప్పటి తూకంలో అది సుమారు 680 గ్రాములు. ఆ లెక్కన నూరు మందికి రోజుకు 68 కిలోల బియ్యం కావాలి. ఏడాదికి దాదాపు 25 టన్నులు. దంపితే వడ్లలో మూడింట రెండు వంతులు బియ్యం వస్తాయనుకుంటే 37 టన్నుల వడ్లు కావాలి. రసాయన ఎరువులు లేని రోజుల్లో ఎకరానికి డెబ్భై అయిదు కిలోల బస్తాలు పది పండాయనుకుందాం. అంటే యాభై ఎకరాల పంట. దున్నిన రైతుకు సగం పోగా సత్రానికి సగమే చేరుతుంది కాబట్టి నూరు ఎకరాల మాగాణి. ఇంకా పప్పు, ఉప్పు, చింతపండు, కట్టెలు, వంటవాళ్ల జీతం, విస్తరాకులు ఈ లెక్కలోకి రానేలేదు. నూరు మందికి ఏడాది పొడుగునా రెండు పూటలా పెట్టాలంటే, తలకు ఒక ఎకరం చొప్పున నీళ్లున్న పొలం ఆ వంటింటి వెనకాల ఉండాలన్నమాట. పెట్టాలన్న కోరిక ఎంత గొప్పదైనా ఈ లెక్కను దాటలేదు. పాతకాలపు దాతల్లో తెలివైనవాళ్లకు ఇది బాగా తెలుసు. అందుకే వాళ్ల శాసనాల్లో కరుణ గురించిన మాటలు తక్కువ, పొలాల సరిహద్దులు ఎక్కువ.

దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే నిండైన సాక్ష్యం మల్కాపురం శాసనం. ఇప్పటి అమరావతి రాజధాని ప్రాంతంలో, తుళ్లూరు మండలంలో ఉంది ఆ ఊరు. శకవర్షం 1183, అంటే 1261లో, కాకతి రుద్రమదేవి పాలనలో వేయించిన శాసనం అది. గౌడ దేశం నుంచి వచ్చి గణపతిదేవుడికి దీక్షాగురువైన విశ్వేశ్వర శివాచార్యులకు తండ్రి మాట ఇచ్చిన మందడం గ్రామాన్ని రుద్రమదేవి వెలగపూడితో కలిపి ధారపోసింది. ఆచార్యుడు ఆ ఆదాయాన్ని తన మఠానికే ఉంచుకోలేదు. గుడి, చదువుకునే పిల్లలు, మఠం, పురుళ్లు పోసే ప్రసూతిశాల, రోగులకు ఆరోగ్యశాల, అన్నసత్రం – అన్నిటికీ వాటాలు కట్టాడు. వేదాలు చెప్పేవాళ్లు, తర్కం, సాహిత్యం, ఆగమాలు బోధించేవాళ్లు ఎంతమంది ఉండాలో రాయించాడు. వైద్యుడు, వంట చేసేవాళ్లు, ఊరి కాపలాదార్లు, ఆఖరికి లెక్కలు రాసే గుమాస్తా – ఇన్ని రకాల వృత్తుల వాళ్లకు అందులో చోటుంది. బ్రాహ్మడి నుంచి చండాలుడి వరకు ఎవరు వచ్చినా, ఏ వేళ వచ్చినా సత్రంలో అన్నం ఉండాలన్నది అందులోని నియమం.

ఈ పట్టికలో నా చూపు వైద్యుడి దగ్గర కంటే లెక్కలు రాసేవాడి దగ్గర ఎక్కువసేపు ఆగుతుంది. దానధర్మాల కథల్లో గుమాస్తాకు చోటుండదు. దాత ఏడుస్తాడు, దేవుడు ప్రత్యక్షమవుతాడు, తిన్నవాడు దీవిస్తాడు. జమాఖర్చు రాసేవాడు ఎక్కడా కనబడడు. విశ్వేశ్వర శివాచార్యులు మాత్రం అతనికి జీతం ఏర్పాటు చేశాడు. ఎందుకంటే పదేళ్ల తరవాత ఎవరో ఒకరు వచ్చి, మందడం నుంచి ఈ ఏడు ఎంత వచ్చింది, సత్రానికి ఎంత ఖర్చయింది అని అడిగితే జవాబు ఉండాలి. ఆ జవాబు ఉన్నంత కాలమే పురిటికి వచ్చిన ఆడమనిషికి ఆ ఇల్లు దిక్కు. లెక్క రాసేవాడు లేని చోట సత్రం ఆచార్యుడి ఇష్టానికి, ఆయన శిష్యుడి ఇష్టానికి, చివరికి ఎవరి చేతిలో తాళం ఉంటే వాడి ఇష్టానికి చేరిపోతుంది.

తిరుమల శాసనాల్లో ఇదే ఆలోచన ఇంకో రూపంలో కనిపిస్తుంది. పదిహేను, పదహారు శతాబ్దాల్లో రాజులు, వ్యాపారులు, ఆచార్యులు స్వామికి నైవేద్యం కోసం డబ్బు కడితే, ఆ డబ్బు హుండీలో మూలుగుతూ పడి ఉండేది కాదు. దేవస్థానం గ్రామాల్లో చెరువులు బాగుచెయ్యడానికి, కాలవలు తవ్వడానికి పెట్టేవారు. నీళ్లొచ్చాక పెరిగిన పంటలోంచి రోజూ నైవేద్యం జరిగేది. ఆ ప్రసాదంలో నాలుగో వంతు దాతకు హక్కుగా వచ్చేది. సాళువ నరసింహుడు తిరుమలలోనూ తిరుపతిలోనూ రామానుజకూటాలు నెలకొల్పి, కందాడై రామానుజయ్యంగార్‌ను వాటికి పెద్దగా పెట్టాక, తన నాలుగో వంతును ఆ కూటాలకు రాసిచ్చాడు. శ్రీవైష్ణవ యాత్రికులకు భోజనం దానితోనే నడిచింది. రాజు ఒకసారి ఇచ్చిన డబ్బు కాలవ అయింది, కాలవ పంట అయింది, పంట ప్రసాదమైంది, ప్రసాదంలో వాటా బాటసారి భోజనమైంది. ఈ గొలుసులో ఏ రోజూ రాజు మనసు మళ్లీ కరగాల్సిన పని లేదు. ఆయన విజయనగరంలో ఉన్నా, కటకం మీదికి దండెత్తినా కొండ మీద విస్తరి పడుతుంది. దక్కనులోనూ ఇదే పద్ధతికి గుర్తులున్నాయి. హైదరాబాదు కట్టిన కొత్తలోనే, 1595లో, మహమ్మద్ కులీ కుతుబ్‌షా దారుల్‌షిఫా కట్టించి, వైద్యం ఉచితంగా దొరికేలా దాన్ని రాజ్యపు ఖర్చులో చేర్చాడు. చిన్న ఊళ్లలో ఈ పని ధర్మదాయం ఇనాములు చేశాయి. సత్రానికి కొన్ని ఎకరాలు, ఎండాకాలం బాట పక్కన చలివేంద్రంలో నీళ్లు పోసేవాడికి ఒక చెక్క. 1858 తరవాత ఇనాం కమిషన్ వాళ్లు ఊరూరా తిరిగి ఏ మాన్యం ఎందుకిచ్చారని అడిగినప్పుడు, ధర్మదాయం కింద వచ్చిన జవాబుల్లో ఇలాంటివి కొల్లలు. చలివేంద్రం కుండలో నీళ్లకు కూడా పొలం రాసిపెట్టిన దేశం ఇది.

ఇక్కడ రావాల్సిన ఆక్షేపణ ఒకటుంది, అది చిన్నది కాదు. ఈ మాన్యాలన్నీ ఎవరికి పెట్టాయి? పుణ్యం కోసం బ్రాహ్మణ భోజనాలే చాలా సత్రాల పని కదా? శ్రీశైలంలో ఇవాళ్టికీ కులానికో సత్రం ఉంది కదా? నిజమే. మల్కాపురం శాసనం చండాలుడి దాకా అని రాయించినంత మాత్రాన, ఊళ్లో అలాగే నడిచిందని నమ్మమనడం అమాయకత్వం. తరవాతి శతాబ్దాల్లో చాలా సత్రాల గుమ్మాలు మాల మాదిగలకు మూసే ఉన్నాయి. పొలం దున్నింది వాళ్లు, నాటు వేసింది వాళ్ల ఆడవాళ్లు, కోసి కుప్పేసి నూర్చింది వాళ్లు. వండిన అన్నం మాత్రం వేరే పంక్తిలోకి వెళ్లింది. నూరు ఎకరాల్లో పండిన గింజకు దాత పేరు పడింది, దున్నినవాడికి ఎంగిలి విస్తరి మిగిలింది. ఇది తెలుగు దానధర్మాల చరిత్రలో చెరగని మచ్చ. దీన్ని పక్కకు తోసి అన్నదానం గురించి గొప్పలు చెప్పుకునే హక్కు ఎవరికీ లేదు. కానీ ఈ ఆక్షేపణ నా వాదనను కూలదొయ్యదు, ఇంకా బిగిస్తుంది. ఒక కులానికి అన్నం అన్ని వందల ఏళ్లు నిలకడగా దొరికింది ఎవరో మంచివాళ్లు పుడుతూ వచ్చినందుకు కాదు, రాత ఉన్నందుకు, రాత వెనక మడి ఉన్నందుకు. ఇంకో కులానికి దొరకనిది కూడా రాతలో చోటు లేనందుకే. వాళ్ల వంతుకు వచ్చింది దయ. పండగనాడు నాలుగు గింజలు, పెళ్లినాడు మిగిలిన పులుసు. ఆ దయ ఎంత దూరం పోతుందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అందుకే ఈ గుమ్మాలు తెరుచుకోవడం కూడా రాత మీదే జరిగింది. బావులూ దార్లూ బహిరంగ స్థలాలూ అందరివీ అని మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ 1924లో తీర్మానం నెగ్గించుకున్నాడు. రాజ్యాంగంలో 15, 17 అధికరణాలు వచ్చాయి. ఊరి పెద్దల మనసులు మారేదాకా ఆగి ఉంటే ఎన్ని తరాలు ఆగాల్సి వచ్చేదో!

ఇంకో ఇబ్బంది కరువు. ఊరికొక సత్రం, సత్రానికొక మడి అన్న ఏర్పాటు మామూలు రోజుల్లో బాటసారికి, ముసలివాడికి, అనాథకు సరిపోతుంది. వాన లేని ఏడు ఆ మడి కూడా ఎండిపోతుంది. ఆకలిగొన్నవాళ్లు పదింతలైన నాడే దాత గాదె ఖాళీ అవుతుంది. 1832–33 నందన కరువులో గుంటూరు జిల్లాలో అయిదు లక్షల జనాభాలో సుమారు రెండు లక్షల మంది పోయారు. ఆ జిల్లాలో సత్రాలు లేక కాదు, ధర్మాత్ములు లేకా కాదు. ఒకే వాన మీద బతికే ఊళ్లలో ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకేసారి పడిపోతారు. రాజమండ్రి జిల్లాలో జనాభా 1821లో 7 లక్షల 38 వేలు ఉంటే, వరసగా పడిన దెబ్బలకు 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగింది. ఊరి మడి చాలనప్పుడు రాజ్యపు మడి కావాలి. వాన పడిన చోటి గింజ పడని చోటికి రావాలి. పందొమ్మిదో శతాబ్దంలో ఆ శక్తి ఉన్నది ఒక్క ప్రభుత్వానికే. రైళ్లు వచ్చాక ఆ శక్తి ఇంకా పెరిగింది. దాన్ని ప్రభుత్వం ఎలా వాడిందో ధాత కరువు చూపించింది.

1876లో, తెలుగు లెక్కలో ధాత నామ సంవత్సరం, రెండు రుతుపవనాలూ మోసం చేశాయి. కర్నూలు, బళ్లారి, కడప, నెల్లూరు ప్రాంతాలు మాడిపోయాయి. అనంతపురం అప్పుడు బళ్లారిలో భాగం. మద్రాసు ప్రభుత్వం మొదట కాస్త ధారాళంగానే కరువు పనులు తెరిచింది. ఖర్చు చూసి బెదిరిన వైస్రాయి లిట్టన్, 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపించాడు. టెంపుల్ వచ్చి కూలి తగ్గించాడు: మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర. ఆడవాళ్లకు అంతకంటే తక్కువ. నిజంగా ఆకలి ఉందో లేదో తేల్చడానికి పరీక్షలు పెట్టారు. ఇంటికి పది మైళ్ల లోపు పని ఇవ్వకూడదన్నది అందులో ఒకటి. నిజంగా గతిలేనివాడైతే అంత దూరమైనా వస్తాడన్నది లెక్క. రాళ్లు కొట్టడం, మట్టి మొయ్యడం, ఆ ఒక్క పౌను మీద. తినేది పని చెయ్యడానికే చాలకపోతే మనిషి క్షీణించి పోతాడని కార్నిష్ శరీరశాస్త్రం చూపించి మొత్తుకున్నాడు. శిబిరాలు తిరిగి, పక్కటెముకలు లెక్కపెట్టగలిగే మనుషుల గురించి నివేదిక మీద నివేదిక పంపాడు. కొన్ని నెలలకు మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది, కానీ అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే కర్నూలు జిల్లాలో సుమారు నాలుగో వంతు మనుషులు లేరు. అదే సమయంలో మద్రాసులో గవర్నరు బకింగ్‌హామ్ పిలుపుతో మొదలైన చందాల నిధికి లండన్ నుంచి డబ్బు పోగై వచ్చింది. ఎడ్లు అమ్ముకున్న రైతుకు ఎడ్లకు, విత్తనాలకు, పైకప్పు పీకి అమ్ముకున్నవాడికి గుడిసెకు ఆ నిధి నుంచి ఇచ్చారు. అది నిజమైన మేలు. అంతకుముందే కూలి సరిగా ఇచ్చి ఉంటే ఆ మేలు అందుకోవడానికి ఇంకా చాలామంది బతికి ఉండేవాళ్లు.

టెంపుల్‌ను రాక్షసుడిగా చూపిస్తే పని సులువవుతుంది కానీ అసలు సంగతి జారిపోతుంది. ఆయన ఆ కాలపు ఇంగ్లండులో అందరూ నమ్మినదే నమ్మాడు: అడిగినవాడికల్లా పెడితే సోమరితనం పెరుగుతుంది, కాబట్టి అడగడాన్ని కష్టం చెయ్యాలి. ఈ నమ్మకం మన ఊళ్లలోనూ లేకపోలేదు, ఇప్పటికీ ఉంది. దీనికి జవాబు చెప్పాలి. ఊరికే పెడితే కొందరు ఊరికే తింటారు, నిజం. పాత సత్రాలకూ ఆ భయం ఉండేది. మూడు రోజులకు మించి ఉండకూడదన్న నియమం చాలాచోట్ల అందుకే. కానీ ఆ నియమంలో ఒక మర్యాద ఉంది. మొదటి మూడు రోజులు నువ్వెవరివని అడగరు. అనుమానం తరవాతెప్పుడో వస్తుంది, అన్నం ముందు వస్తుంది. టెంపుల్ పద్ధతిలో అనుమానం ముందుంటుంది. ఆకలిని రుజువు చేసుకున్నాకే గింజ. ఆకలి రుజువు చెయ్యడమంటే ఒళ్లు ఇంకా చిక్కించుకుని చూపించడమే. పరీక్షలో నెగ్గేసరికి మనిషి మిగలడు. ఒక సోమరిని బయట ఆపడానికి పదిమంది నిజమైన ఆకలిగాళ్లను పది మైళ్లు నడిపించిన లెక్క, ఖర్చు లెక్కగా చూసినా తప్పే.

ఆ కరువు మీద వేసిన కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. దాని సిఫార్సుల మీదే 1883 నుంచి కరువు నిబంధనావళులు వచ్చాయి. అంతకుముందుతో పోలిస్తే అవి చాలా మెరుగు. ఏ గుర్తులు కనిపిస్తే కరువు వచ్చినట్టో, ఏ అధికారి ఏం చెయ్యాలో రాశాయి. అంటే మల్కాపురంలో ఉన్న గుణం, పని ఏర్పాటును కాగితం మీద పెట్టడం, మళ్లీ వచ్చింది. కానీ కమిషన్ ఒక గీత దగ్గర ఆగిపోయింది. కరువులో సాయం అడగడం పేదవాడి హక్కు అని ఒప్పుకుంటే, రేపు మామూలు రోజుల్లోనూ అది తన హక్కే అంటాడని, దేశమంతా పేదలకు ప్రభుత్వమే పెట్టాల్సి వస్తుందని వాళ్లు భయపడి, ఆ మాట నివేదికలో దాచకుండా రాశారు. నా దృష్టిలో ఆ నివేదికలో అన్నిటికంటే నిజాయితీ ఉన్న చోటు అదే. తగాదా గింజల దగ్గర లేదని, ఆ గింజలు దయగా ఇస్తున్నామా బాకీగా ఇస్తున్నామా అన్న దగ్గర ఉందని వాళ్లకు స్పష్టంగా తెలుసు. దయగా ఉన్నంత కాలం ఇచ్చేవాడే తూకం నిర్ణయిస్తాడు. ఒక పౌనా, ఒకటిన్నరా అని తేల్చేది తినేవాడి ఒళ్లు కాదు, ఖజానా.

ఇంతా విని, మరి డొక్కా సీతమ్మ గారి మాటేమిటి అని ఎవరైనా అడగొచ్చు, అడగాలి కూడా. ఆమెకు శాసనం లేదు, గుమాస్తా లేడు, కమిషన్ లేదు. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం జోగన్న పంతులు గారిని పెళ్లాడి, గోదావరి పాయల మధ్య పడవలు దాటి వచ్చే బాటసారులకు వేళ కాని వేళ కూడా వండి పెట్టి, 1909లో పోయేదాకా ఆ పని ఆపలేదు. కులం అడగలేదనే అందరూ చెబుతారు. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవాలకు పిలుపు వస్తే వెళ్లలేదంటారు. వచ్చినవాడిని ఆమె చూసిన చూపు, కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చిన తీరు, అర్ధరాత్రి మళ్లీ పొయ్యి రాజెయ్యడం ఏ దస్తావేజూ రాసివ్వలేదు. ఏర్పాట్లన్నీ ఉండి ఈ మనసు లేకపోతే సత్రం గుమాస్తాల కచేరీ అవుతుంది. దీన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ ఆ గుండిగలోకి బియ్యం ఎక్కడివి? జోగన్న పంతులు గారు భూములున్న రైతు. ఆ భూములకు నీళ్లు 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి, మధ్య డెల్టా కాలవల్లోంచి వచ్చాయి. ఆమె పుట్టిన ఏడాది జనాభా లెక్కల్లో ఆ రాజమండ్రి జిల్లా సగం ఎండిన చెట్టులా ఉంది. ఆమె కాపరానికి వచ్చేనాటికి కాలవలు పారుతున్నాయి. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా నీళ్లు దాటించే అక్విడక్టు కూడా ఆ దశకంలో కట్టిందే. ఇప్పుడు అక్కడే కట్టిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. అన్నం పెట్టిన తల్లి పేరు ఆ అన్నం పండించిన నీటి కట్టడానికి రావడం ఎంతో సబబు. రాజ్యం, కాలవ, పొలం, పొయ్యి, చెయ్యి – గన్నవరంలో అన్నీ కలిశాయి. అదే మనిషిని ధాత నాటి కర్నూలులో ఊహించండి. ఆమె అప్పుడూ పెట్టేది, తన వంతు ముద్ద కూడా పెట్టేది. గాదె ఎన్నాళ్లు వచ్చేది? ఆమె పోయాక ఆ వాకిలి అదే తీరున నడవలేదన్నదీ మనం మరిచిపోకూడదు. అలాంటి మనిషి మళ్లీ పుట్టేదాకా ఆకలి ఆగదు.

అలాగని మడి రాసిపెడితే పని అయిపోయిందనీ అనలేం. మాన్యాలను మింగినవాళ్ల చరిత్ర మాన్యాల చరిత్రంత పొడుగుంది. 1817లో మద్రాసు ప్రభుత్వం ఏడో రెగ్యులేషన్ తెచ్చి గుళ్లు, మసీదులు, సత్రాల మాన్యాల మీద రెవెన్యూ బోర్డు పర్యవేక్షణ పెట్టింది. దాతలు అనుకున్న పనికి ఆ ఆదాయం పోవడం లేదన్నదే దానికి చెప్పిన కారణం. తరవాత 1927 ఎండోమెంట్స్ చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 1966, 1987 చట్టాలు అన్నీ అదే జబ్బుకు మందులు. జబ్బు పూర్తిగా పోలేదు. సత్రం పేరు మీద ఉన్న మాగాణి నామమాత్రపు కౌలుకు తరాల తరబడి ఒకే ఇంట్లో ఉండటం, సత్రం భవనం పెళ్లిళ్లకు అద్దెకు పోయి అన్నం పొయ్యి ఆరిపోవడం కోస్తా జిల్లాల్లో తిరిగినవాళ్లకు కొత్త కాదు. కాబట్టి మడితోపాటు అడిగేవాళ్లు కావాలి. తినేవాడికి లెక్క అడిగే అధికారం లేనంత వరకు రాతిమీది రాత కూడా వంశపారంపర్యపు ఆస్తిగా మారిపోతుంది. పాత ఏర్పాటులో అన్నిటికంటే పెద్ద లోటు ఇదే: దాత, దేవుడు, ధర్మకర్త ముగ్గురికీ మాట ఉంది; విస్తరి ముందు కూచున్నవాడికి లేదు.

ఆ లోటు తీరడం స్వాతంత్ర్యం వచ్చిన చాలా ఏళ్లకు మొదలైంది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడి పిల్లలకు వండిన భోజనం పెట్టి తీరాలని రాష్ట్రాలను ఆదేశించింది. 2013 ఆహార భద్రత చట్టం దాన్ని హక్కుగా రాసింది. 1880లో కమిషన్ ఏ మాటకు భయపడిందో ఆ మాట చట్టమైంది. దేశం సోమరిపోతుల సత్రమైపోలేదు. పొద్దున ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లలు మధ్యాహ్నం పాఠం వినగలిగారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి ఆ భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరుంది. హక్కుగా రాసుకున్నదానికీ దయగా ఇచ్చినదానికీ తేడా మన కళ్లముందే ఉంది. బడి భోజనానికి ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారింది కానీ భోజనం ఆగలేదు. కోర్టు ఉత్తర్వు, చట్టం వెనక ఉన్నాయి. పట్టణాల్లో కూలీలకు అయిదు రూపాయలకు పెట్టే అన్న క్యాంటీన్లు 2018లో తెరుచుకుని, 2019లో ప్రభుత్వం మారాక మూతబడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్నాయి. మధ్యలో అయిదేళ్లు అడ్డా మీది కూలీకి ఆకలి వెయ్యకపోవడం ఏమీ జరగలేదు. ఆ అన్నం తన హక్కని అతని చేతిలో కాగితం లేదు, అంతే.

హక్కు రాశాక కూడా చూసుకోవాల్సిన చోటు ఒకటి మిగిలి ఉంది. బడి వంటింట్లో బియ్యం ప్రభుత్వానివి. పప్పు, నూనె, కూరగాయలు, తాలింపు సామాను మాత్రం వండే ఆడవాళ్లు ముందు కొని పెట్టాలి, బిల్లు తరవాత వస్తుంది. ఆ బిల్లులు నెలల తరబడి రావడం లేదని, వాళ్ల గౌరవ వేతనం కూడా ఆగిపోయిందని, కిరాణా కొట్లో అప్పు పెరిగిపోయిందని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మధ్యాహ్న భోజన కార్మికులు ఏటా ఎక్కడో ఒకచోట కలెక్టరేట్ ముందు కూచుంటూనే ఉన్నారు. పిల్లలు వరసగా కూచుని ఉంటారు కాబట్టి ఏ పూటా పొయ్యి వెలిగించకుండా ఉండలేరు. మెడలో పుస్తెలు తాకట్టు పెట్టయినా పప్పు తెస్తారు. చట్టం ప్రకారం ఆ భోజనం పెట్టేది రాజ్యం. కానీ బిల్లు ఆగిన నెలల్లో ఆ వంటింటి వెనకాల ఉన్న మడి ఆ ఇల్లాలి అప్పే. విశ్వేశ్వర శివాచార్యులు వంటవాళ్ల జీతానికి మందడం పొలాన్ని ముందే కట్టబెట్టి, ఆ తరవాతే పొయ్యి వెలిగించాడు. ఇప్పటి ఖజానాలకు మందడం కంటే ఎన్నో వేల రెట్ల ఆదాయం ఉంది. బడి తెరిచే జూన్‌లోనే ఏడాది సరుకుల డబ్బు వంటవాళ్ల ఖాతాలో పడేలా చెయ్యడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, ఒక్క జీవో చాలు.